సూపక్కకు వాసన పోయిన ఏడాది

ఆ ఆసుపత్రి వంటగదిలో ఆవిణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. డాక్టర్లు, నర్సులు, లిఫ్ట్ నడిపే మనిషి, ఆఖరికి జీతాలిచ్చే గుమాస్తా కూడా ‘సూపక్క’ అనే అనేవారు. తనకంటే పెద్దవాళ్లు అక్కా అంటే మొదట్లో విసుక్కునేది. “అంత ముసలిదాన్నైపోయానా మీ కంటికి?” అని గరిటె చూపించేది. తర్వాత తర్వాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, ఎవర్నో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూడటం అలవాటైంది.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆపరేషన్ అయిన వాళ్లకి నోటితో మొదట ఇచ్చేది సూపే. అప్పటిదాకా సెలైన్ మీద బతికిన మనిషి గొంతులో మొట్టమొదట దిగే గుక్క తన చేతిదని సూపక్క ఎప్పుడూ మర్చిపోలేదు. ఒకసారి మేనేజరు గారు ఖర్చు కలిసొస్తుందని ప్యాకెట్ పొడి తెప్పించారు. ఆవిడ రెండు గిన్నెల్లో రెండు సూపులూ పోసి ఆయన ముందు పెట్టి వెళ్లిపోయింది. ఆ పొడి ప్యాకెట్లు ఎప్పుడు మాయమయ్యాయో ఎవరికీ తెలియదు.

పొద్దున్నే వచ్చి ఏప్రన్ కట్టుకుని, కోడి ఎముకలు కడిగి, పళ్లెంలో పరిచి, ఓవెన్‌లో రంగు తిరిగేదాకా కాల్చేది. వాటిని లోతు గిన్నెలో వేసి చన్నీళ్లు పోసేది. వేడినీళ్లు పోస్తే సారం దిగదు, పైగా మడ్డిగా తయారవుతుందని వాళ్లమ్మ నేర్పింది. వాళ్లమ్మ ఒక హాస్టల్లో వంటమనిషి. సన్న సెగ మీద పెట్టాక ఇంక అక్కణ్ణించి కదలకూడదు. పైకి తేలే తెట్టు తీస్తూ ఉండాలి. కుతకుతలాడనివ్వకూడదు. ఇక్కడో బుడగ, అక్కడో బుడగ లేస్తుండాలి, అంతే. ఉల్లిపాయలు, క్యారెట్లు, వెల్లుల్లి, మిరియాలు ఆ తర్వాత. మధ్యాహ్నానికి ఆ నీళ్లు తేనె రంగులోకి వచ్చేవి. వడకట్టి, కొంత ఆ పూటకి వాడి, మిగిలింది చల్లార్చి, మర్నాటి పొద్దుటి కోసం కోల్డ్ రూంలో పెట్టేది.

ఇదంతా ఆవిడ గడియారం చూసి చేసేది కాదు, వాసన చూసి చేసేది. ఎముక సారం దిగిందా లేదా, క్యారెట్ తీపి బయటికొచ్చిందా, వెల్లుల్లి పచ్చి పోయిందా, అన్నీ ముక్కే చెప్పేది. ఉప్పు కూడా వాసనతో తెలుస్తుందంటే గిన్నెలు తోమే ఆవిడ నవ్వేది. “నువ్వు ముక్కుసూటి మనిషివని అంటే ఏంటో అనుకున్నా అక్కా, నిజంగా ముక్కు ఎటు పోతే అటే పోతావ్.”

ఇంట్లో ఆయన దర్జీ. ముందు గదిలో మిషను, వెనక గదిలో కాపురం. ఆవిడ ఎంత మాటకారో ఆయన అంత నోట్లో నాలుక లేని మనిషి. కూతురు పెళ్లి చేసుకుని వేరే ఊరు వెళ్లాక ఆ ఇంట్లో వినిపించేది మిషను చప్పుడూ, సూపక్క గొంతూ. ఏం వండి పెట్టినా, “బాగుంది,” అనేవాడు. కూరలో ఉప్పు మర్చిపోయిన రోజూ అంతే. “బాగుంది అనడం తప్ప మీకు ఇంకో మాట రాదా?” అని ఆవిడ వెక్కిరిస్తే, నవ్వి మిషను దగ్గరికి వెళ్లిపోయేవాడు.

ఆ ఏడాది వానల్లో సూపక్కకి జ్వరం వచ్చింది. పెద్ద జ్వరమేం కాదు. జలుబు, ఒళ్లు నొప్పులు, రెండు రోజులు దుప్పటి కప్పుకుని పడుకుంది. తగ్గాక లేచి పొయ్యి మీద పాలు పెట్టి, పక్కనే నిలబడి కిటికీలోంచి వీధి చూస్తోంది. ముందు గదిలోంచి ఆయన పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆపాడు.

“మాడిపోతున్నాయి కదా, చూసుకోవా?”

గిన్నె అడుగు నల్లబడిపోయింది. గదంతా పొగ. ఆవిడ పొగ చూసింది గాని, వాసన తెలియలేదు. ముక్కు దిబ్బడ వేసిందేమో అనుకుని గట్టిగా గాలి పీల్చింది. గాలి చక్కగా ఆడుతోంది. వెల్లుల్లి రెబ్బ చిదిమి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. ఉల్లిపాయ కోసింది. కళ్లమ్మట నీళ్లు వచ్చాయి, వాసన రాలేదు.

తను పనిచేసే ఆసుపత్రిలో చూపించుకోవడానికి మనసు ఒప్పలేదు. బస్సెక్కి ఊరి అవతల ఎవరూ తెలియని డాక్టరు దగ్గరికి వెళ్లింది. జ్వరంలో వాసన నరం దెబ్బతిని ఉంటుందన్నాడు ఆయన. కొందరికి కొన్ని నెలల్లో తిరిగొస్తుంది, కొందరికి రాదు, చెప్పలేమన్నాడు. “ఏం పని చేస్తారమ్మా?” అని అడిగాడు. “ఇంట్లోనే ఉంటానండీ,” అంది. ఆ అబద్ధం ఎందుకు ఆడిందో తనకే అర్థం కాలేదు.

నాలిక మీద ఉప్పు, పులుపు, కారం లీలగా తెలిసేవి. అంతకుమించి ఏం తిన్నా వేడిగా ఉందో చల్లగా ఉందో, మెత్తగా ఉందో గట్టిగా ఉందో తెలిసేది, అంతే. ఇంట్లో ఆయనకి చెప్పింది గాని, వంటగదిలో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆలోచించడానికే భయపడింది. పని తీసేస్తారనే భయం కాదు. కూరలు తరిగే చోటో, పళ్లేలు సర్దే చోటో వేస్తారు, అది తెలుసు. కాని ఆ పెద్ద గిన్నె ముందు ఇంకెవరో నిలబడి ఉండగా, తను దాన్ని దాటుకుని వెళ్లాల్సి రావడం ఆవిడ ఊహకి అందలేదు.

కొలతలు పెట్టుకుంది. ఇన్ని ఎముకలకి ఇన్ని నీళ్లు, ఇన్ని నీళ్లకి ఇంత ఉప్పు అని కొత్త కోడలిలా చెంచాలు లెక్కపెట్టడం మొదలెట్టింది. చివర్లో గిన్నెలావిణ్ణి పిలిచి, “నోరు బాగోలేదే, కాస్త ఇది చూడు,” అనేది. ఆవిడ ఊదుకుని తాగి, “కాస్త ఉప్పు పడాలక్కా,” అనో, “బ్రహ్మాండం,” అనో చెప్పేది. రోజూ నోరు బాగోకపోవడం ఏమిటని ఆ మనిషి అడగలేదు. పొద్దున్నే ఒక గ్లాసెడు వేడి సూపు దొరుకుతోంది కదా అని సంతోషించింది.

ఇంట్లో ఆయన ఒకరోజు భోజనం దగ్గర అడిగాడు. “వాసన తెలుస్తోందా?”

“ఆఁ, వచ్చేసింది. పొద్దున వెల్లుల్లి వేగుతుంటే తెలిసింది.”

“హమ్మయ్య,” అన్నాడు. మారు వడ్డించుకుని తిన్నాడు.

అలా వానలు పోయాయి, చలి పోయింది, ఎండలు ముదిరాయి. ఆ రోజుల్లోనే కడుపు ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన మూడో అంతస్తు వార్డులో ఉన్నాడు. పోస్ట్‌మాన్‌గా చేసి రిటైరైన మనిషి. బక్కపల్చటి శరీరం, గట్టి గొంతు. సూపు తప్ప ఏదీ ముట్టేవాడు కాదు. “సూపు ఎవరు చేస్తున్నారో ఆ అమ్మాయిని చూడాలి,” అని గొడవ పెడితే నర్సు పైకి రమ్మంది. యాభై దాటిన ఆవిణ్ణి చూసి, “అమ్మాయంటే నిజంగా అమ్మాయనుకుని జుట్టు దువ్వుకున్నానే,” అన్నాడు. వార్డంతా నవ్వింది. అప్పట్నించి ఆయన కప్పు ఆవిడే విడిగా నింపి ట్రాలీలో ముందు పెట్టేది.

ఆ రోజు గిన్నెలావిడ రావడం ఆలస్యమైంది, తల్లికి ఒంట్లో బాగోలేదట. సూపక్క కోల్డ్ రూంలోంచి ముందురోజు సారం తీసుకొచ్చి పొయ్యి మీద పెట్టింది. మూత తీస్తే పైన నురుగు ఎప్పటికంటే ఎక్కువగా కనిపించింది. అలవాటు కొద్దీ వంగి వాసన చూసింది. ఏమీ తెలియలేదు. గిన్నె అంచు తాకితే రోజూ ఉన్నంత చల్లగా లేదనిపించింది. ఎండాకాలం కదా అనుకుంది.

ఒక్క నిమిషం ఆగింది. ఎవరినైనా పిలిచి చూడమనాలి. పక్కన మేనేజరు గారు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నారు. ఆయన్ని పిలిస్తే, ‘నువ్వు చూడలేవా?’ అంటారు. అప్పుడేం చెప్పాలి? నురుగు తీసేసి, బాగా మరిగించి, చెంచా లెక్కన ఉప్పు వేసి కప్పుల్లో పోసింది. ట్రాలీ వెళ్లిపోయింది.

కాసేపటికి గిన్నెలావిడ వచ్చి, అడుగున కాస్త సూపు మిగిలిన గిన్నెని తోమడానికి ఎత్తుకుని, మొహం పక్కకి తిప్పుకుంది.

“ఛీ, ఇదేంటక్కా, ఇంత పులిసిన కంపు కొడుతోంది? పారబోయడానికి ఉంచావా?”

సూపక్క ఏప్రన్‌తోనే లిఫ్ట్ దగ్గరికి పరుగెత్తింది. లిఫ్ట్ కింద లేదు. మెట్లెక్కింది. మొదటి అంతస్తులో ట్రాలీ లేదు, రెండో అంతస్తులో లేదు. మూడో అంతస్తు వరండాలో కనిపిస్తే రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయింది. రొప్పుతూనే “ఇవ్వొద్దు... ఎవరికీ ఇవ్వొద్దు,” అని మాత్రం అనగలిగింది. కప్పులన్నీ ట్రాలీలోనే ఉన్నాయి. ముందు పెట్టిన ఒక్కటే లేదు.

పెద్దాయన మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. కప్పు ఖాళీగా ఉంది.

“ఇవాళ ఏదో తేడాగా ఉందమ్మాయ్,” అన్నాడు. “మందులకి నా నోరు చెడిందేమో అనుకున్నా. నువ్వు చేసింది బాగోకపోవడం ఏంటి, నా నోటిదే తప్పు అని మొత్తం తాగేశా.”

ఆవిడ అక్కడే నర్సుకి చెప్పింది. నర్సు డాక్టర్ని పిలిచింది. సాయంత్రానికి పెద్దాయనకి వాంతులు పట్టుకున్నాయి, జ్వరం వచ్చింది. కుట్ల మీద చెయ్యి అదుముకుని మెలికలు తిరిగిపోయాడట. మళ్లీ సెలైన్ పెట్టారు. ఆయన కూతురు వచ్చి వార్డు బయట కుర్చీలో కూర్చుని, “ఆవిడ మొహం నాకు చూపించకండి,” అందని నర్సు కిందికొచ్చి చెప్పింది.

మేనేజరు గారు మంచివారే. కోల్డ్ రూం తలుపు తీసి చూసి, లోపల మిషను ఆగిపోయి ఉండటం కనిపెట్టి ఊపిరి పీల్చుకున్నారు. సూపక్కని గదిలోకి పిలిచి కుర్చీ చూపించారు. ఆవిడ కూర్చోలేదు.

“మిషను చెడిపోతే నువ్వేం చేస్తావు? పైవాళ్లకి అదే చెబుతాను. ఇన్నేళ్లలో నీ మీద ఒక్క మాట లేదు. ఇంటికెళ్లి రేపు రా.”

అలా ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. ఆవిడకీ అది తెలుసు. గుమ్మం దాకా వెళ్లింది. మళ్లీ వెనక్కి తిరిగింది.

“చెడిపోయింది మిషను ఒక్కటే కాదండీ. నాకు వాసన తెలియదు. వానాకాలం నించీ తెలియదు.”

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. “వానాకాలం నించా?” అన్నారు. ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేదని ఆవిడకి అనిపించింది.

ఇల్లు చేరేసరికి భర్త ఒక కోటుకి గుండీలు కుడుతున్నాడు. వేళకాని వేళ వచ్చిన భార్యని చూసి సూది గుచ్చి పక్కన పెట్టాడు. ఆవిడ బల్ల మీద కూర్చుని జరిగింది మొత్తం చెప్పింది. పెద్దాయన ఖాళీ కప్పు దగ్గరికి వచ్చేసరికి ఏడ్చింది. చివరికి, “మీకు కూడా అబద్ధమే చెప్పాను. నాకు వాసన రాలేదు,” అంది.

“తెలుసు,” అన్నాడు.

ఆవిడ తలెత్తింది. “ఏం తెలుసు?”

“రాలేదని తెలుసు. వచ్చిందన్నావే, ఆ రోజు కూర నోట్లో పెట్టుకోలేకపోయాను. అంత ఉప్పు.”

“మరి మారు వడ్డించుకున్నారుగా?”

ఆయన సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకున్న అంగుస్తానా తీసి, మళ్లీ తొడుక్కున్నాడు.

“ఇన్ని నెలలూ తెలిసే తిన్నారా? బాగుంది, బాగుంది అంటూ?”

“నేను తినేటప్పుడు నా మొహంలోకే చూస్తుండేదానివి. ఆ చూపు చూస్తూ ఏం చెప్పను?”

“చెప్పాల్సింది. బాగోలేదు, గొడ్డు ఉప్పు అని విసిరికొట్టాల్సింది. చెప్పి ఉంటే ఇవాళ ఆ గిన్నె దగ్గరికి వెళ్లేదాన్ని కాదు. ఆ మనిషి తాగేవాడు కాదు.”

అన్నాక, ఆ మాటలో సగం అన్యాయం ఉందని ఆవిడకే తెలిసింది. మిగతా సగం మాత్రం నిజమే. ఆయనకీ అది తగలాల్సిన చోట తగిలింది. కోటు మడతపెట్టి, లైటు ఆపి, బయట మెట్ల మీద కూర్చున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఇంట్లో మాటలు అవసరానికే జరిగాయి. ఆవిడ వండింది ఆయన తినేవాడు. బాగుందనీ అనేవాడు కాదు, బాగోలేదనీ అనేవాడు కాదు.

పెద్దాయన గండం గడిచి బయటపడ్డాడు. ఇంటికి వెళ్లే రోజు ఆయనే కబురు చేశాడు. సూపక్క వార్డు గుమ్మంలో నిలబడింది. కూతురు బట్టలు సర్దుతూ తల తిప్పుకుంది. ఆయన బాగా చిక్కిపోయాడు.

“లోపలికి రా అమ్మాయ్. నువ్వే వచ్చి చెప్పావటగా, నాకు తెలిసింది.”

“నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదండీ.”

“నాకు కోపం లేదు. కాని ఒక్క మాట. ఇంక సూపు తాగలేను నేను. ఆ పేరు వింటేనే కడుపులో తిప్పుతోంది. నీతో అబద్ధం చెప్పడం ఎందుకు?”

ఆవిడ తలూపింది. మెట్లు దిగుతుంటే, ఆయన తిట్టి ఉంటే ఇంత బరువుగా ఉండేది కాదేమో అనిపించింది.

ఆవిణ్ణి కూరలు తరిగే బల్ల దగ్గర వేశారు. పెద్ద గిన్నె ముందుకి గిన్నెలావిడ వచ్చింది. ఆ సూపు రోజూ చూసి చూసి ఆవిడ నాలికకి బాగా పట్టేసిందని మేనేజరు గారు ఎంచుకున్నారు. మొదటి రోజు ఆవిడ తడబడుతుంటే సూపక్క చూసీ చూడనట్టు క్యారెట్లు తరుగుతూ కూర్చుంది. మనసులో ఒక మూల, ‘చెడగొట్టనీ’ అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. గిన్నె కుతకుతలాడుతున్న చప్పుడు విని ఇంక ఉండబట్టలేక లేచింది.

“సెగ తగ్గించు. అలా ఉడికితే పాలు విరిగినట్టవుతుంది.”

“నువ్వే చెప్పాలక్కా. నాకు చేతులాడటం లేదు.”

చెప్పింది. రోజూ చెప్పింది. కొన్నాళ్లకి నర్సులు కిందికి వచ్చి, “సూపు భలే ఉందమ్మా ఇవాళ,” అని గిన్నెలావిడతో అనడం మొదలెట్టారు. ఆ మాట విన్న ప్రతిసారీ కత్తి ఒక్క క్షణం ఆగేది. పిలుపు మాత్రం మారలేదు. కూరలు తరిగే మనిషిని సూపక్కా అని పిలుస్తుంటే, కొత్తగా చేరినవాళ్లకి అదేం పేరో అర్థమయ్యేది కాదు.

ఒకసారి గిన్నెలావిడ సెలవు మీద వెళ్లాల్సి వచ్చింది. మేనేజరు గారు తరిగే బల్ల దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగారు. “ఈ నాలుగు రోజులూ నువ్వు నిలబడతావా? నీ చేతికి అలవాటేగా.”

ఎన్నాళ్లనించో ఆ మాట కోసమే ఎదురుచూసింది. కాళ్లు వాటంతటవే లేవబోయాయి.

“నిలబడతానండీ. కాని పక్కన రుచి చూసేవాళ్లు ఒకరు ఉండాలి. గిన్నె దించే ముందు వాళ్లు సరే అనాలి. లేకపోతే నావల్ల కాదు.”

ఆ వేళకి మనిషి దొరకలేదు. ఆ నాలుగు రోజులూ వార్డుల్లోకి బార్లీ నీళ్లు వెళ్లాయి. ఆవిడ క్యారెట్లు తరిగింది.

చలికాలం మొదట్లో ముక్కులో ఏదో కదిలింది. సంతోషించేంత కాదు. ఉల్లిపాయ వేగుతుంటే టైరు కాలిన కంపు, వెల్లుల్లికీ అదే, కాఫీకీ అదే. నరం కోలుకునేటప్పుడు అలా అవుతుందన్నాడు ఊరి అవతల డాక్టరు. ఈసారి ఆయనకి తన పనేంటో చెప్పింది. ఆయన సానుభూతిగా చూశాడు గాని, ఎప్పటికి సరవుతుందో మాత్రం చెప్పలేదు.

ఒక ఆదివారం పొద్దున దర్జీకి జలుబు చేసి గొంతు పట్టేసింది. ఆవిడ కోడి ఎముకలు కొనుక్కొచ్చింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని కాల్చింది, చన్నీళ్లు పోసింది, తెట్టు తీసింది. ఆ ఇంట్లో సూపు కాగి ఏడాది దాటింది. గుడ్డలోంచి కూడా టైరు కంపు వచ్చి ఒకటి రెండుసార్లు కిటికీ దగ్గరికి పారిపోవాల్సి వచ్చింది. ఆయన మిషను ఆపేసి, స్టూలు తెచ్చుకుని పొయ్యి పక్కన కూర్చున్నాడు.

గరిటెతో కాస్త తీసి, ఊది, ఆయనకి ఇచ్చింది.

“బాగుంది అన్నారంటే ఈ గరిటెతోనే కొడతాను.”

ఆయన తాగాడు. ఆలోచించాడు. మళ్లీ అడిగి పోయించుకుని తాగాడు.

“ఉప్పు చాలదు. ఇంకా...”

“ఇంకా?”

“నీళ్లు నీళ్లుగా ఉంది. నువ్వు ఇంతకుముందు చేసేదానిలా లేదు.”

ఆవిడ మొహం మాడింది. ఆయన అది చూశాడు. చూసి కూడా మాట మార్చలేదు. గరిటె చేతికి తిరిగిచ్చి, “ఇంకాసేపు ఉంచు. నేను చెబుతాను,” అన్నాడు.

ఆవిడ సెగ ఇంకొంచెం తగ్గించి, గుడ్డ సరిగ్గా కట్టుకుని, ఆయన పక్కన నిలబడింది.